లావు చక్రాల మీద కానాగంతలు

బోగోలు దగ్గరి పాలెంలో చేపలమ్మేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరి వాడుక ఊరు వాళ్ళదే. ఇంకొకరు అక్కడ గంప దించకూడదు. కానీ కూలివాళ్ళు పొలానికి బయలుదేరేలోపు చేప చేర్చలేక వరసగా ఆరు పొద్దులు తప్పితే, ఏడో పొద్దున ఎవరు ముందు గంప దించితే ఊరు వాళ్ళది.

మస్తానమ్మ ఆరు పొద్దులు తప్పింది.

తప్పు మోకాళ్ళది. పడవల దగ్గరి నుంచి తారురోడ్డు దాకా మైలు పొడవున ఇసుక. నెత్తిన గంపతో అది దాటి, రోడ్డు పక్కన పెట్టిన పాత సైకిలెక్కి, కాలవగట్టు మీదుగా గట్టుమిట్ట చేరేసరికి అక్కడ కూలివాళ్ళు పప్పన్నం కట్టుకుని వెళ్ళిపోయి ఉండేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఆమెకు కూడు పెట్టిన ఊరు అదొక్కటే.

ఆ ఊరి మీద చెంచురామయ్యకు కన్నుంది. అతనిది సన్న చక్రాల రేసు సైకిలు. ఇసుకలోకి అదీ రాదు. రోడ్డు పక్కన తాళం వేసి, చేపల ట్రే భుజాన పెట్టుకుని ఇసుక దాటతాడు. కానీ వయసులో ఉన్నాడు, కాళ్ళు గట్టివి.

మస్తానమ్మ తమ్ముడు మాల్యాద్రికి షుగరుందని డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. అతను నెల్లూరు వెళ్ళి, మోటారుసైకిలు టైర్లకన్నా లావు టైర్లున్న సైకిలు తెచ్చుకుని, పదిరోజులు తొక్కి వసారాలో ఆనించేశాడు. మస్తానమ్మ దాన్ని ముందురోజే వెల్డింగు షాపుకు నడిపించుకెళ్ళి, వెనక క్యారేజీ పెట్టించుకొచ్చింది.

ఏడో పొద్దున పడవల దగ్గర వేలంపాటలో ఒక గంప కానాగంత చేపలు పాడుకుంది. చేపల బరువుకు ఆ పాలెంలో అందరూ చేసేట్టే టైర్లకు రాయిలా గాలి కొట్టుకొచ్చింది. గంప కట్టి, ఎక్కి తొక్కింది. నాలుగు గజాలు పోయేసరికి ముందుచక్రం ఇసుకలో దిగబడి, సైకిలు ఒక పక్క, ఆమె ఒక పక్క అయ్యారు.

పాట పాడించే పిచ్చమ్మ పగలబడి నవ్వింది. "ఏందిమే మస్తానా, రోడ్డు రోలరు తెచ్చుకుండావా?"

చెంచురామయ్య ట్రే ఎత్తుకుంటూ అన్నాడు. "అక్కా, అది కొవ్వు కరిగించుకునేదానికి. చేపలకు కాదు. నా సైకిలు టైరు నీ బొటనేలంత ఉంటాది. దాని పరుగే వేరు."

"అయితే దాన్ని ఇక్కడికి తీసుకరా అబ్బయ్యా, పరుగు చూస్తాం."

"రోడ్డు మీద చూద్దువుగాని," అని అతను కదిలాడు.

మస్తానమ్మ చీర దులుపుకుంటూ చుట్టూ చూసింది. పడవలు లాగే ట్రాక్టరు అప్పుడే వచ్చింది. డ్రైవరు లాజరస్ రోజూ చేసే పనే చేస్తున్నాడు. ఇసుకలో దిగేముందు కూర్చుని టైర్ల గాలి తీస్తున్నాడు. టైరు అడుగు మెల్లగా పరుచుకుంటోంది. ఏళ్ళ తరబడి చూసిందే. ఇవాళ మాత్రం ఆమె చూపు అక్కడే ఆగింది.

గాజులకున్న పిన్నీసు తీసి, సైకిలు టైరుకు గాలి కొట్టే మూతిలో నొక్కి పట్టుకుంది. బుస్సుమంది.

"అయ్యో, ఉన్న గాలి కూడా పాయె," అంది పిచ్చమ్మ.

మస్తానమ్మ రెండో టైరుకూ అంతే చేసి ఎక్కింది. చక్రం దిగబడలేదు. ఇసుక మీద చాప పరుచుకుంటూ పోయినట్టు పోయింది. సగం దారిలో చెంచురామయ్యను దాటింది. అతను ట్రే కిందనుంచి తల వంచి చూసి, అడుగు పెంచాడు.

తారెక్కాక కథ తిరిగింది. మెత్తని టైర్లు రోడ్డును జిగురులా పట్టుకున్నాయి. ఒక్కో తొక్కుడుకూ తొడలు మండాయి. మైలు పోయిందో లేదో వెనక గంట మోగింది. చెంచురామయ్య వంగి, గాలిని కోసుకుంటూ పోయాడు. పోతున్నంతసేపూ ఆమె చూసింది. నిజమే, తారు మీద దాని పరుగు చూడముచ్చటగా ఉంది. తొక్కడం మాత్రం ఆపలేదు.

కాలవగట్టు మీద రాత్రి వాన పడింది. నల్లరేగడి. అక్కడ చెంచురామయ్య దిగి నిలబడి ఉన్నాడు. చక్రానికీ బ్రేకుకూ మధ్య సందులో బురద బిగిసి చక్రం తిరగడం లేదు. పుల్లతో గీకుతున్నాడు. గీకినంత మళ్ళీ పడుతోంది.

"జరుగు రామయ్యా, రోలరొస్తాండాది!"

అతను గట్టు అంచుకు ఒదిగాడు. ఆమె చక్రాలకూ బురద పట్టింది, చీరంతా చిమ్మింది. అయినా ఆ సైకిలుకు సందు వెడల్పు, చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

గట్టుమిట్ట మొదట్లో కూలి ఆడవాళ్ళు అన్నం క్యారేజీలతో ఆటో ఎక్కుతున్నారు. మస్తానమ్మ గొంతెత్తింది. "కానాగంతలో!" ఆ కేక చర్చి గోడకు తగిలి ఊరంతా తిరిగింది.

ముఠా మేస్త్రి ఫ్లోరా ఆటోలోంచి దూకింది. "ఆపయ్యా ఆటో! యాడికి పొయినావు మస్తానమ్మక్కా ఇన్ని దినాలు? పప్పు తిని తిని నాలిక చచ్చిపాయె!"

గంప దిగింది. గిన్నెలు వచ్చాయి. గంప దాదాపు ఖాళీ అయ్యాక చెంచురామయ్య మోకాళ్ళదాకా బురదతో నడిచి వచ్చి ఊరి మొదట్లో ఆగాడు. ట్రే దించలేదు.

"ఒప్పుకుంటాండా అక్కా. ఊరు నీదే."

"నీ సైకిలుది తప్పేం లేదబ్బయ్యా. రోడ్డెంబడి ఊర్లకు దాన్ని మించింది లేదు, అటు పో. ఇసకా బురదా ఉండే ఊరు నాకిడిసిపెట్టు," అని మస్తానమ్మ చివరి దోసెడు చేపలు ఫ్లోరా గిన్నెలో పోసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆటో వైపు తిరిగింది.

"రేపు రొయ్యలు ఎవరికి కావాల?"

ఆటోలోంచి చేతులన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి.