కంచె లోపలి దండాసి

చెప్పకపోతే ఏమవుతుంది, మీ అయ్య సినిమా దొరకలేదట నాయనమ్మా అంటే నమ్మేస్తుంది, ఎనభై ఆరేళ్ల మనిషి, కానీ దొరల సీమలో పాత ఫిల్ములు దాచే ఆఫీసావిడ ఓడ జాబితాలో పేరు పట్టుకుని ఇక్కడ బర్మాలో మా పజుండౌంగ్ పేట గుడివాళ్ల ద్వారా మా ఇల్లు వెతికింది, వందేళ్ల కిందటి ప్రదర్శన తాలూకు మూగ సినిమా ఫోనుకి పంపింది, నలభై సెకన్లు, తెర మీద బర్మా వడ్రంగి అని మాత్రమే ఉంది, మీ ముత్తాత దండాసిగారి పేరు వేసి జనానికి చూపించవచ్చా, సాయంత్రంలోగా చెప్పండి అంది, నాలుగింటికి కరెంటు పోతుంది, ఫోనులో చార్జింగు పదకొండు శాతం, పేరు వేస్తే రేపటికి తాకేటా పేటలోని మా వాళ్లందరి ఫోన్లలోకీ వచ్చేస్తుంది, సినిమాలోని ఆ కంచె, కంచె లోపల వెదురు గుడిసె, దాని ముందు తలపాగా చుట్టుకుని కొయ్య చెక్కుతున్న మనిషి, అవతల టోపీల జనం, ఒక పిల్ల వేరుశెనక్కాయలు విసిరింది, ఒక దొరసాని గొడుగు మొనతో ఆయన భుజం పొడిచి చూసింది, మనిషో బొమ్మో తేల్చుకోవాలన్నట్టు, నాయనమ్మేమో మా అయ్యని దొరలు ఓడెక్కించి తీసుకెళ్లి కుర్సీ ఏసి కూకోబెట్టారని చెప్పేది, బోటాటౌంగ్ రేవులో బస్తాలు మోసిన ఇంట్లో ఆ ఒక్క మాట మీదే అందరం తలెత్తుకు బతికాం, దాన్ని నేనా విరగ్గొట్టాలి,

ఏటే మల్లీ, పొద్దుట్నించీ ఆ పోన్లోకి సూసి ఏడస్తన్నావు, అంటూ నాయనమ్మ పక్కన కూర్చుని ఫోను లాక్కుంది, వేలు తగిలి సినిమా మొదలైంది, గొడుగు వచ్చింది, పోయింది, ఆమె ముఖంలో ఏమీ మారలేదు, మా అయ్యేనా అంది, అవునన్నాను, యుద్ధంలో బాంబు పడి ఆయన పోయేనాటికి తనకి మూడేళ్లు, ఇంట్లో ఒక్క ఫొటో లేదు, ఎడం సేత్తో బాడిస పడతాడని మాయమ్మ సెప్పీది, సూడు, నిజమే, మళ్లీ ఎయ్యి, అంది.

మళ్లీ వేశాను, ఉండబట్టలేక వాళ్లు నవ్వుతున్నారు నాయనమ్మా అన్నాను, ఎవులు, అంది తెర మీంచి కళ్లు తీయకుండా, కాసేపటికి పేరెయ్యమను, ఇంటిపేరుతో సహా, అంది, పద్నాలుగుసార్లు చూశాను నేను, పద్నాలుగుసార్లూ ఆ నవ్వేవాళ్లనే చూశాను, ముత్తాత ముఖం ఒక్కసారి కూడా చూడలేదు.