ముందు వరుస ఆమెన్

స్వర్ణకు ప్రసంగాలు రాయడం బాగా వచ్చు. యూనివర్సిటీలో ఆమె పరిశోధన పేదరికం మీద. తార్నాకలో ఉద్యోగం, చర్చీలూ భజన మండళ్లూ కలిసి పెట్టుకున్న సేవా సంఘంలో. ఆఫీసు గోడ మీద 'మూలాన్ని వెతుకుదాం' అని పోస్టరు రాసిందీ తనే. ఆ గోడ మాత్రం సామేలు గారిది. ఆయన చర్చి పెద్ద, వెనకున్న పాత సామాన్ల గోడౌన్ యజమాని. గదికి కిరాయి అడగడు.

చర్చిలో ప్రకృతి కోసం ప్రార్థించే సృష్టి ఆదివారానికి పాస్టరు గారికి ప్రసంగం రాసిచ్చింది స్వర్ణే. దేవుడిచ్చిన గాలిని పాడుచేయడం పాపమని అందులో గట్టిగా రాసింది. అది విని, ఎవరి తప్పులు వాళ్లు లేచి ఒప్పుకునే సాక్ష్యాల సమయంలో మాణికేశ్వర్ నగర్ బస్తీ రాహేలు లేచింది. కరెంటు వైర్లు కాల్చి రాగి తీయడం ఆమె పని.

"నేను పాపం చేసిన. ఇగ కాల్చ" అని అందరి ముందూ ఏడ్చింది. చప్పట్లు మోగాయి. ముందు వరుసలోంచి సామేలు గారి ఆమెన్ అందరికంటే గట్టిగా వినిపించింది. ఎంత గొప్ప పని చేశానో అని పొంగిపోయింది పిచ్చి స్వర్ణ.

సంఘం వాళ్లు క్యాంపస్‌లో సదస్సు పెట్టినప్పుడు రాహేలును వేదిక ఎక్కించాలనుకున్నారు. పిలవడానికి స్వర్ణ వెళ్లేసరికి రాహేలు పొయ్యి వెలిగించలేదు. పక్కింటి ప్రమీలమ్మ ఇచ్చిన అన్నం తింటోంది. సందులో మాత్రం పొగ అట్లాగే ఉంది.

"పనికి పోతలేవా రాహేలక్కా?"

"కాల్చనంటే వైర్లు ఇస్తలేడు మేడం. నా వంతు ప్రమీలమ్మకు ఇచ్చిండు."

"ఎవరు?"

"ఇంకెవరు, సామేలు సారు. గోడౌన్ల కాలిస్తే కేసు అయితదని మాతోని కాలిపిస్తడు. పొగ మాకు, రాగి ఆయనకు." ముద్ద కలుపుతూ అడిగింది. "సారు ఎప్పుడు లేస్తడు మేడం, సాక్ష్యానికి?"

స్వర్ణకు తెలియదా? తెలుసు. వైర్ల మూటలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు పోవడం ఆఫీసు కిటికీలోంచి రోజూ చూసేది. ప్రసంగంలో కాల్చేవాళ్లను తిట్టింది, వైర్లు ఇచ్చే మనిషి ఊసెత్తలేదు. సిగ్గుతో ఆమెకు అన్నం గిన్నె వైపు చూడబుద్ధి కాలేదు.

సంఘం కార్యదర్శి రాంచందర్ గారికి చెబితే ఆయన తల గోక్కున్నాడు. "నిజమేనమ్మా. గానీ గది పోతే మనమేడ కూసుంటం?"

ఆదివారం సాక్ష్యాలప్పుడు స్వర్ణ లేచింది.

"రాహేలక్కతోని ఒప్పిచ్చిన పాపం ఆమెది కాదు. ఆ వైర్లు సామేలు అంకుల్ గోడౌన్‌ల నుంచి వస్తున్నయ్. కాల్చకుండ ఒలిచే మిషన్ ఆయన పెట్టాలె, గీ ఆడోళ్లనే పనిల పెట్టుకోవాలె. నాకు ముందే తెలుసు. ఫ్రీ రూమ్ కోసం నోరు మూసుకున్న."

ఆమెన్ అన్నవాళ్లు లేరు. సామేలు గారు బైబిలు చంకన పెట్టుకుని బయటికి నడిచారు. సాయంత్రానికి ఆఫీసుకు కొత్త తాళం పడింది. పోస్టరు లోపలే ఉండిపోయింది.

మెట్ల మీద కూర్చున్న స్వర్ణ దగ్గరికి రాహేలు వచ్చింది.

"ఏం పని చేస్తివి మేడం? ఇగ ప్రమీలమ్మకు గూడ వైర్లు ఇయ్యనన్నడు."

స్వర్ణకు ఏడుపొచ్చింది. మంచి చేయబోయిన ప్రతిసారీ వీళ్ల పొయ్యే ఆరుతోంది. తప్పయిందని చెప్పబోయింది.

"ఆ మాట వద్దు" అంది రాహేలు, పక్కన కూర్చుంటూ. "మొదటిసారి నాతోని మాన్పిచ్చి ఇంటికి పోయినవ్. ఈసారి మిషన్ వచ్చేదాంక పోకు."

స్వర్ణ నోటిదాకా ఆమెన్ వచ్చింది. మింగేసి, "పోను అక్కా" అంది.