కనుమ దాటని మంచుగొడ్డలి

నేను ఒక మంచుగొడ్డలిని. కట్టెలు కొట్టడానికి పనికిరాను. నా తలకు ఒకవైపు కొంగముక్కులాంటి మొన, రెండోవైపు చిన్న పలక, పిడి చివర ఇనుపముల్లు ఉంటాయి. మంచువాలులో జారినవాళ్ళు ఆ మొనను మంచులో దించి, నామీద బరువంతా వేస్తే ఆగుతారు.

కొలిమిలో నన్ను కాల్చి సాగదీసినవాడు మంచు చూశాడో లేదో తెలియదు. నా మొదటి యజమాని మాత్రం చూశాడు. ఒక్కసారి చూసి, ఆ తర్వాత నన్ను గోడకు తగిలించి, వచ్చినవాళ్ళకల్లా ఆ ఒక్కసారి గురించే చెప్పేవాడు. చివరికి వినేవాళ్ళు కరువై, నన్ను డెహ్రాడూన్‌లో పాతసామాన్ల దుకాణానికి ఇచ్చేశాడు.

అక్కడ నన్ను కొన్నది పైడిరత్నం, విజయనగరంలో ఆటల టీచరు. హిమాలయాల్లో ఒక కనుమ దాటే సుదీర్ఘమైన నడకకు సిద్ధమవుతోంది. మంచిదైతే ఎందుకు అమ్మేశారని ఆమెకు అనుమానం. తల, పిడి కలిసేచోట గోటితో గీకి, చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూసింది. సముద్రపు గాలికి పెరిగిన మనిషికి మంచేం తెలుసని నాకూ అనుమానమే.

నన్ను ఊరికి తెచ్చుకున్నాక, భీమిలి దగ్గర ఇసుకవాలు మీద ఆమె పడటం నేర్చుకుంది. బరువు సంచి వీపున వేసుకుని, కావాలని జారి, బోర్లా తిరిగి, నన్ను గుండెకు అదుముకుని ఇసుకలో గుచ్చేది. కూడా వచ్చిన మరిది సింహాద్రి గట్టు మీద కూర్చుని నవ్వేవాడు.

"ఏటొదినా ఇది, ఎవులైనా సూత్తే ఏటనుకుంటారు?"

"అక్కడ జారినప్పుడు సూసీవోళ్ళు ఉండర్రా. నువ్వూ ఓపాలి పడి సూడు."

అతను పడలేదు. నడకకు తనూ వస్తానని కొత్త బూట్లు మాత్రం కొన్నాడు.

హిమాలయాల్లో, కనుమ దాటాల్సిన రోజు అది కనిపిస్తూనే ఉంది. ఎండెక్కి మంచు మెత్తబడుతోంది. ముందు నడుస్తున్న గైడు ఫరవాలేదన్నాడు. పైడిరత్నం నమ్మలేదు. అడుగడుగునా నా ముల్లు దింపి లోతు చూస్తూ నడిచింది. అంత చూసినా కాలికింది మంచు జారిపోయింది.

పడేవాళ్ళు ముందు వదిలేది చేతిలో ఉన్నదాన్నే. నన్ను వదిలేస్తుందనే అనుకున్నాను. వదల్లేదు. బోర్లా తిరిగింది, నామీద ఒరిగింది. నా మొన మంచును చాలాదూరం చీల్చుకుంటూ పోయి, గట్టిపొర తగిలాక ఆగింది. కింద బండరాళ్ళున్నాయి.

సింహాద్రి కదలకుండా నిలబడిపోయాడు. అతని గొడ్డలి ఇంకా సంచికే కట్టి ఉంది.

"ఎనక్కెళ్ళిపోదాం," అందామె, ముఖానికంటిన మంచు తుడుచుకోకుండానే.

"ఇంతదూరం వచ్చీసి?"

"కొండెక్కడికీ పోదు."

గైడు వెనక్కి తిరిగి దారి తీశాడు. ముగ్గురూ దిగిపోయారు.

ఇప్పుడు నేను బడిలో, వాలీబాల్ వల పక్కన ఉంటున్నాను. మొన్న ఒక అమ్మాయి నన్ను చూపిస్తూ అడిగింది, "ఇది కొండెక్కిందా టీచర్?"

"ఎక్కలేదు. నన్ను దించింది," అంది పైడిరత్నం.

అది మెప్పో, దెప్పో నాకింకా అనుమానమే.