బొట్టు నిలవని ఒళ్లు

నేను ఒక ఎయిరోజెల్ ముక్కను. అరచేతిలో పడతాను. బరువు మాత్రం అడక్కండి, చెప్పుకోవడానికి సిగ్గు. నా ఒంట్లో ఇసుకకు చుట్టమైన సిలికా పిసరంత, మిగతాదంతా గాలి. అయినా వంచితే వంగుతాను, వదిలితే లేస్తాను, నీటిచుక్కను ఒంటి మీద నిలవనివ్వను. ఈ గొప్పలు చెప్పుకునే హక్కు నాకుంది. నాకు ముందు పుట్టిన పదకొండు మందీ పగిలిపోయారు మరి.

విశాఖపట్నంలో ఒక కాలేజీ ప్రయోగశాలలో పుట్టాను. యశోదర అనే పరిశోధకురాలు మిథైల్ ట్రైమిథాక్సీ సైలేన్ అనే ద్రవాన్ని మిథనాల్‌లో కలిపి, కాస్త ఆమ్లం, ఆ తర్వాత అమ్మోనియా చేర్చి నన్ను జున్నులా పేరబెట్టింది. నీటిని తోసేసే గుణం ఆ ద్రవం పెట్టిన భిక్షే. పేరుకున్న సాయంత్రమే ఆటోక్లేవ్ అనే ఉక్కు పాత్రలో బిగించి ఆరబెట్టడం యశోదర అలవాటు. తెలివికి లోటు లేదు, ఓపికకే కరువు.

గైడు పద్మనాభం గారు అప్పటికే తేల్చి చెప్పారు. "దసరా సెలవులు అయ్యేలోగా విరగని ముక్క చూపించమ్మా. లేదంటే టాపిక్ మార్చేద్దాం." మూడేళ్ల చాకిరీ నీళ్లపాలయ్యేలా ఉంది.

నేను పేరుకున్నది మహర్నవమి నాడు. ఆమె నన్ను పట్టుకుని పరుగున వెళ్లేసరికి ఆటోక్లేవ్ మెడలో బంతిపూల దండ, నుదుట కుంకుమ. పక్కనే అటెండర్ సూరన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏటమ్మా, బొట్టెట్టిన మిషిను ముట్టుకుంతారా? దశమి ఎల్లనీండి."

ఆమె బతిమాలింది, కోప్పడింది. సూరన్న కదల్లేదు. ఆగితే మరో ప్రయత్నానికి వ్యవధి ఉండదని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. చేసేది లేక నన్ను మిథనాల్‌లో ముంచి ఉంచింది. ఆ తీరుబడిలో నా లోపలి పోగులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. నాకు బలం వస్తోందని అరిచి చెప్పాలనిపించింది, నోరేదీ?

దశమి వెళ్లాక నన్ను ఆరబెట్టారు. యశోదర మూత తీసింది. నేను బయటికొచ్చాను, నిండుగా, ఒక్క బీటా లేకుండా. అంత ఆనందం నేనెన్నడూ ఎరగను.

పద్మనాభం గారు నన్ను రెండు వేళ్లతో సగానికి వంచారు. వదిలారు. లేచాను. మళ్లీ వంచారు, చిన్నపిల్లాడిలా.

"ఎన్ని రోజులు నానబెట్టావు?"

"మూడు రోజులు సార్."

"ఎందుకని?"

ఆమె సూరన్న వైపు చూసింది. "ఆయుధపూజ సార్."

ఆయన నన్ను బల్ల మీద పెట్టారు. "నోటుబుక్కులో మూడు రోజులని మాత్రం రాయి," అన్నారు.

ఆమె కారణం కూడా రాసింది.

ఇప్పుడు అద్దాల బీరువాలో ఉంటున్నాను. వంగడమే నా విద్య, బీరువా మీదేమో ముట్టుకోరాదని బోర్డు. మనుషుల మర్యాదలు ఇలాగే ఉంటాయి. ఏటా నవమికి మాత్రం సూరన్న తలుపు తీసి, తడి కుంకుమతో నాకూ బొట్టు పెడతాడు. అది ఎర్రటి పూసలా దొర్లి కింద పడుతుంది. అతను నవ్వి, నన్ను బొటనవేలితో ఒకసారి నొక్కి వదులుతాడు. యశోదర చూస్తూనే ఉంటుంది, బోర్డు సంగతి ఎత్తదు.