ఆధారపడినవారి గడి

శనివారం పొద్దున మాత్రల డబ్బా నింపడం ఆమె పని. వారానికి ఏడు గళ్ళు, ఒక్కో గడిలో మళ్ళీ పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. రక్తపోటుకు ఒకటి, చక్కెరకు రెండు, గుండెకు సగం విరిచిన చిన్న బిళ్ళ. అన్నీ భర్తవే. ఆమె మోకాళ్ళ మాత్ర మాత్రం హ్యాండ్‌బ్యాగులో ఏ మూలో పడి ఉంటుంది. నొప్పి గుర్తు చేసినప్పుడు వెతుక్కుని మింగుతుంది. ఆ శనివారం చేతులు డబ్బా మీదున్నా మనసు మనసులో లేదు. పెద్దవాళ్ళ నివాసంలో, రెండో అంతస్తులోని మూల ఫ్లాటు చుట్టూ తిరుగుతోంది. సాయంత్రం అయిదింటిలోగా కాగితాలు పూర్తి చేయకపోతే ఆ ఫ్లాటు జాబితాలో తరువాతి వాళ్ళకు పోతుంది.

"మనకేమోయ్, మనం ఒకరి మీద ఆధారపడే మనుషులం కాదు. మనలాంటి వాళ్ళ కోసమే అలాంటి చోట్లు కడతారు" అన్నాడు భర్త, స్నానాల గది తలుపులోంచి తువ్వాలు కోసం చెయ్యి చాపుతూ. ఆమె తువ్వాలు అందించింది.

ఆ చోటు వెతికింది ఆమే. ఎనిమిది నెలలు తిరిగి నాలుగు చూసింది. ఒకచోట ఫినాయిలు వాసన తప్ప ఇంకేం లేదు. ఒకచోట సాయంత్రం ఆరింటికే గేటుకు తాళం వేసేస్తారు. ఇంకోచోట మేనేజరు ఆమెతో ఒక్క ముక్క మాట్లాడకుండా అన్నీ భర్తకే చెప్పాడు. ఇది అలా కాదు. అరవై దాటి, తమ పని తాము చేసుకోగలిగిన వాళ్ళకు మాత్రమే. ఎవరి ఫ్లాటు వాళ్ళది, మధ్యాహ్నం, రాత్రి భోజనం కింద హాల్లో, పొద్దుటి టీ టిఫినూ ఎవరికి వాళ్ళు. మూల ఫ్లాటులో పెద్ద కిటికీ, దాని కింద బల్ల, బయట రైలు పట్టాలు. ఆమె ఆ బల్ల వెడల్పును జానతో కొలుచుకుని మరీ వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళు ఆస్పత్రిలో కిటికీ లేని ఎక్స్‌రే గదిలో పనిచేసిన మనిషి. ఆ డ్యూటీ దిగి తిన్నగా వెళ్ళే వంటగదికి కిటికీ ఉంది గానీ, అది పక్కింటి గోడలోకి తెరుచుకునేది. ఆస్పత్రిలో అందరికీ ఆమె ఎక్స్‌రే అమ్మ. ఎవరి ఎముక ఎక్కడ విరిగిందో చెప్పగలదు. ఇంట్లో మాత్రం "నువ్వు మీటలు నొక్కుతావు, అంతేగా" అనేవాడు భర్త. ఆయన ఇంజినీరు, మూడు వంతెనలు కట్టినవాడు. ఆయన ఆఫీసు వైద్యం కార్డులో 'ఆధారపడినవారు' అన్నచోట ఆమె పేరు ఉండేది. నా జీతం నాకుండగా ఇదేంటండీ అని అడిగితే, కాగితాల్లో అలాగే రాస్తారులే అన్నాడు. ఆ కార్డు పట్టుకుని ఆమె తను పనిచేసే ఆస్పత్రిలోనే వరసలో నిలబడింది.

మధ్యాహ్నం మూడింటికి వెళ్ళారు. నలభై ఏళ్ళ నర్సు ఒకావిడ ఫైలు పట్టుకుని నమూనా ఫ్లాటుకు తీసుకెళ్ళింది. చేరే ముందు ప్రతి ఒక్కరూ అక్కడ నర్సు ఎదుట ఒక అరగంట ఎవరి సాయమూ లేకుండా గడపాలి. టీ పెట్టుకోవాలి, ఆ రోజు మందులు తీసి చూపించాలి, పక్క సర్దాలి, ఒక విడత బట్టలు మెషీన్లో వేయాలి. భార్యాభర్తలైనా విడివిడిగానే.

"ఉద్యోగానికి ఇంటర్వ్యూలా ఉందే" అని నవ్వాడు భర్త.

"దాదాపు అంతే సార్" అంది నర్సు, నవ్వకుండా.

ముందు ఆమె వెళ్ళింది. పన్నెండు నిమిషాల్లో అన్నీ అయిపోయాయి. చివర్న టీ పోసేటప్పుడు చూసుకుంటే ఎదురుగా రెండు కప్పులున్నాయి.

"ఒక్క కప్పు చాలమ్మా, మీకు మాత్రమే" అంది నర్సు.

"అలవాటు" అంది ఆమె. రెండో కప్పు సింకులో ఒంపేసింది. ఒక్క కప్పు పెట్టుకోవడం ఆమెకు నిజంగానే తెలియదు.

తరువాత భర్త. తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ఆమె చూస్తూ ఉంది. ఆయన ఆ వంటగదిలోకి భోజనానికి పిలిచిన చుట్టంలా అడుగుపెట్టాడు. చేతులు వెనక్కి కట్టుకుని అరలన్నీ తిలకించాడు. కరెంటు కెటిల్ నిండా నీళ్ళు పట్టాడు. దాన్ని తిన్నగా తీసుకెళ్ళి స్టవ్వు మీద పెట్టి వెలిగించాడు. ప్లాస్టిక్ కమురు వాసన గదంతా నిండాక గానీ ఏదో తేడా జరిగిందని ఆయనకు తట్టలేదు. నర్సు వచ్చి స్టవ్వు కట్టేసింది.

"పోనీ మందులు చూద్దాం సార్. పొద్దున ఏమేం వేసుకుంటారు?"

"తెల్లది ఒకటి. ఇంకోటి కూడా తెల్లదే" అని తలుపు వైపు తిరిగాడు. "ఏమోయ్, పొద్దున నేనేం వేసుకుంటాను?"

నాలుగు పేర్లూ ఆమె నాలుక చివరికి వరసగా వచ్చి నిలబడ్డాయి. "మీరు చెప్పకండమ్మా" అంది నర్సు. ఆమెకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి, కన్నబిడ్డ నలుగురిలో తప్పు చేసినట్టు. ఆ వెంటనే ఆ సిగ్గు మీదే మండిపోయింది. ఎందుకు, తనకెందుకు సిగ్గు? కెటిల్ మాడబెట్టింది తనా? తన మందుల పేర్లు తను తెలుసుకోని మనిషి తనా? దిండు గలీబు ఎటునుంచి తొడగాలో తెలియక తిప్పి తిప్పి చూస్తున్న ఆయన్ని చూస్తూ కూర్చుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ ఇంటిని నేను నడిపాను అని చుట్టాలందరి ముందూ చెప్పుకున్న పెద్దమనిషి.

నర్సు ఫైలు మూసింది. "సార్‌కి ఆరోగ్యం భేషుగ్గా ఉంది. కానీ సొంతంగా ఉండలేరు."

ఆయన మొహం కందిపోయింది. "మూడు వంతెనలు కట్టానమ్మా నేను."

"మా ఫారంలో వంతెనలు లేవు సార్" అంది నర్సు. తరువాత ఆమె వైపు ఒక కాగితం జరిపింది. "ఇలాంటప్పుడు తోడుగా ఉండేవాళ్ళు హామీ ఇస్తే ఇద్దరికీ కలిపి ఇస్తామమ్మా. నచ్చితేనే."

పదకొండు వాక్యాలు. ఈ వ్యక్తికి పొద్దుటి ఆహారం నేను తయారు చేస్తాను. మందులు వేళకు నేను అందిస్తాను. బట్టలు ఉతకడం, మడతపెట్టడం నా బాధ్యత. స్నానం వేళ గుర్తు చేస్తాను. చదువుతూ పోతుంటే అది తన జీవిత చరిత్రలా ఉంది. పెళ్ళినాడు ఈ కాగితం ఎవరూ చూపించలేదు. చూపించి ఉంటే కనీసం చదివైనా ఉండేది. పదకొండోది దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. 'ఈ వ్యక్తిని విడిచి ఒక రాత్రికి మించి వెళ్ళవలసి వస్తే వారం ముందు తెలియజేసి, నా బదులు మనిషిని ఏర్పాటు చేస్తాను.'

అమ్మ చివరి రోజుల్లో ఆమె రెండు రాత్రులు పుట్టింట్లో ఉంది. అమ్మ ఊపిరి గురకలా తీస్తుంటే, చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడు ఫోను మోగింది. "నా బనీన్లు ఎక్కడ పెట్టావ్?" అన్నాడు భర్త. అమ్మకెలా ఉందని కాదు. కుడివైపు బీరువా, కింది నుంచి రెండో అర, అని చెప్పి ఫోను పెట్టేసి చూసేసరికి అమ్మ చెయ్యి బరువుగా ఉంది. ఆ చివరి క్షణం ఆమెకు దక్కలేదు. అది బనీన్లకు పోయింది. ఈ సంగతి ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు. అంటే "నాకేం తెలుసు పాపం" అంటాడు ఆయన. నిజమే, ఆయనకేమీ తెలియదు. తెలుసుకోకుండా బతకగలగడమే ఆయన హోదా.

"సంతకం పెట్టేయ్, అయిదవుతోంది" అని పెన్ను మూత తీసి మరీ అందించాడు. ఆమె కదలకపోయేసరికి కొడుక్కి ఫోను కలిపి, సంగతి చెప్పి స్పీకరు పెట్టాడు.

"అదో ఫార్మాలిటీ అమ్మా" అన్నాడు కొడుకు. వెనకాల కారు హారన్లు. "ఎలాగూ నువ్వు చేస్తున్నదే కదా."

ఎలాగూ చేస్తున్నదే కదా. ఆ మాటతో ఆమెలో ఏదో చల్లగా కుదురుకుంది. ఇన్నాళ్ళూ తను చేసినదంతా ప్రేమ అని వాళ్ళు అనుకుంటారని, కనీసం కష్టం అనైనా అనుకుంటారని ఒక ఆశ ఉండేది. వాళ్ళు ఏమీ అనుకోలేదు. కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, అంతే.

"ఒక్కరికే ఫారం ఉందా అమ్మా?" అని అడిగింది నర్సును.

నర్సు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. "ఉందమ్మా" అని సొరుగు లాగింది. "సార్ కావాలంటే మూడు నెలల తరువాత మళ్ళీ పరీక్షకు రావచ్చు."

భర్త కుర్చీలో వెనక్కి ఒరిగాడు. గొంతు తగ్గిపోయింది. "నన్ను వదిలేసి వెళ్తావా?"

ఆ గొంతు వింటే జాలి కలిగింది. ఆ జాలిని ఆమె బాగా ఎరుగును. ఇన్నేళ్ళూ తన చేత అన్ని పనులూ చేయించింది అదే. హ్యాండ్‌బ్యాగు తెరిచి, పొద్దున నింపిన మాత్రల డబ్బా, డాక్టరు రాసిన చీటీ తీసి ఆయన ముందు పెట్టింది.

"వచ్చే శనివారం వరకు నింపాను. ఆ తరువాతవి చీటీలో ఉన్నాయి, చదువుకోండి. కెటిల్ స్టవ్వు మీద పెట్టకూడదని ఇవాళ తెలిసింది కదా, ఇంకా మూడు నెలలుంది."

"ఈ వయసులోనా?"

"నేను నేర్చుకున్నప్పుడు నాకు ఇరవై మూడండీ. అప్పుడు నాకూ ఎవరూ టైమివ్వలేదు."

గోడ గడియారంలో అయిదుకు పది నిమిషాలుంది. ఆమె కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని రాయడం మొదలుపెట్టింది. పేరు, వయసు, చేసిన ఉద్యోగం. రెండో పేజీలో ఆ గడి రానే వచ్చింది. మీ మీద ఆధారపడినవారు ఎవరైనా ఉన్నారా? ఉంటే వివరాలు రాయండి. చిన్న గడి, అయినా సరిపోయింది. గుండ్రటి అక్షరాలతో, తొందర లేకుండా రాసింది:

'ఒకరున్నారు. వయసు అరవై ఎనిమిది. ఆరోగ్యంగా ఉన్నారు. నేర్చుకుంటారు.'