రెండు ముళ్ళు

మోటారు ఇనప గొట్టానికి ఈ చివర కూర్చుని రాసాత్తి తీగను గాడిలోకి తోస్తోంది. ఆ చివర ఉన్నవాళ్ళు అందుకుని లాగి, ఇంకో గాడిలోంచి వెనక్కి పంపాలి. బోరు మోటారుకు తీగ చుట్టడం ఒంటి మనిషి పని కాదు. తుడియలూరు వర్క్‌షాపులో ఇన్నేళ్ళూ ఆ చివర కళైవాణి ఉండేది. ఇవాళ కొత్తపిల్ల మోనిక కూర్చుంది. ఎద్దు పగ్గం లాగినట్టు లాగుతోంది.

కళైవాణి అలా లాగేది కాదు. తీగ కాస్త ఆగేది, సన్నగా అదిరేది. ఆ అదురుకు రాసాత్తికి మెడదాకా వెచ్చబడేది. మధ్యలో మోటారు, మొహాలు కనబడవు. అంత చాటు వాళ్ళకు ఇంట్లో కూడా దొరకలేదు.

"ఏమి మాప్పిళ్ళ, పెండ్లాం యాడ?" అన్నాడు మేస్త్రీ రత్నసభాపతి, అలవాటు కొద్దీ రాసాత్తిని పెళ్ళికొడుకును చేసి.

కళైవాణి రాసాత్తికి మేనమామ కూతురు. వరసైనవాళ్ళను మొగుడూ పెళ్ళాం అని ఏడిపించకపోతే మనవాళ్ళకు తిన్నది అరగదు. ఆ వేళాకోళం చాటునే ఇద్దరూ హాయిగా బతికారు. తనకొచ్చిన సంబంధాలను రాసాత్తి జోస్యుణ్ణి మంచి చేసుకుని జాతకదోషం పేరుతో తరిమేసింది. అంతటి గడుసుది, మరదలి విషయంలో బోల్తాపడింది.

కళైవాణికి మేలూరు సంబంధం వచ్చినప్పుడు మామ ఇంటికి పోయి రచ్చ చేసింది. వరసైన తన తమ్ముడు ముకుంద్ ఉండగా పిల్లను బయటికెలా ఇస్తారని నిలదీసింది. పెద్దలు మెచ్చుకున్నారు. పిల్ల తన ఇంట్లోనే ఉంటుందని ఆమె ఆశ. పెళ్ళిలో ముకుంద్ తాళికి ఒక ముడి వేశాడు. అక్కడి ఆచారం ప్రకారం మిగతా రెండూ ఆడబిడ్డగా రాసాత్తి వేసింది. ఆ వేళ్ళు తగలగానే కళైవాణి మెడమీద నూగు నిక్కబొడుచుకుంది. అందరూ తాళినే చూశారు.

ఇప్పుడు ముకుంద్‌కు ఉడుమలైపేటలో కొబ్బరిపీచు మిల్లులో పని దొరికింది. పెళ్ళాన్ని తీసుకుపోతున్నాడు.

మధ్యాహ్నం పర్మిషన్ అడిగి రాసాత్తి ఇంటికొచ్చేసరికి బీరువా టెంపో ఎక్కింది. తనూ వస్తానంది. మొగుడూ పెళ్ళాల మధ్య ఆడబిడ్డకేం పనని ముకుంద్ నవ్వాడు. చెడ్డవాడు కాదు. మంచాన ఉన్న అమ్మను ఎవరు చూస్తారని కూడా అడిగాడు.

కళైవాణి వంటింటి గడపలో నిలబడి ఉంది.

"మూడింట్లో రెండు ముళ్ళు నేనే గదా ఏస్తి," అంది రాసాత్తి, మెల్లగా.

"నువ్వు ఏస్తావనే గదా వొదినా, నేను తల వొంచితి."

బయట హారను మోగింది. కళైవాణి చెంగుతో మొహం తుడుచుకుని, పోయి మొగుడి పక్కన కూర్చుంది. టెంపో వీధి మలుపు తిరిగింది.

రాసాత్తి అమ్మకు గంజి పట్టించి పెరట్లోకి వచ్చింది. బయల్దేరేముందు కళైవాణి ఉతికి ఆరేసిన రవిక ఒకటి దండెం మీదే ఉండిపోయింది. ఇంకా తడిగా, ఒక చెయ్యి లోపలికి తిరగబడి.