పేరు పెట్టని బిడ్డ నిద్ర

శుక్రవారం పొద్దున సువార్తరావు ప్రార్థనకి వెళ్ళడానికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. మంచం మీంచి సుసన్న, "ఏవండీ, లేచిన దగ్గర్నుంచీ వీడు కదల్లేదండీ," అంది. ఆమెకి తొమ్మిదో నెల.

"నిద్రపోతున్నాడేమోలే."

"ఆ మాట అనకండి."

సువార్తరావు నోరు చెడ్డదేం కాదు, తొందరెక్కువ, అంతే. పాలకొల్లు దగ్గర పాస్టరుగారబ్బాయి. ఇప్పుడు, సెలవూ చర్చీ శుక్రవారమే ఉండే దోహాలో, ఓ కంపెనీకి ఇళ్ళ ప్లాన్లు గీస్తున్నాడు గానీ, చిన్నప్పుడు చేతిరాత బావుంటుందని సమాధుల శిలువల మీద అక్షరాలు అతని చేతే రాయించేవారు. చనిపోయాడని రాయరు వాళ్ళలో. 'ప్రభువునందు నిద్రించెను' అని రాస్తారు. పసిపిల్లల శిలువల మీదా అదే మాట. సుసన్న వాటిని చూసింది.

ఊరికి ఫోన్ చేస్తే సుసన్న వాళ్ళమ్మ, నెలలు నిండేకొద్దీ బిడ్డ సద్దుమణుగుతాడు, కంగారు పడొద్దంది. ఆ భరోసాతో ఇద్దరూ టీ తాగారు. సుసన్న పక్కకి తిరిగి పడుకుంది, పొట్టమీద చెయ్యేసి పిలిచింది. లోపల ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇంక ఆగలేక సువార్తరావు పై వాటా తహెరున్నీసా తలుపు కొట్టాడు. ఆవిడది హైదరాబాదు, అరబ్బీ గడగడా మాట్లాడుతుంది.

ఆవిడని తోడు తీసుకుని ఆసుపత్రికెళ్తే, ఆడవాళ్ళ వార్డు గుమ్మం దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "రిజాల్ మాఫీ." మగవాళ్ళు లోపలికి పోకూడదు. తహెరున్నీసా వెంట లోపలికెళ్తూ సుసన్న వెనక్కి తిరిగి చూస్తుండగానే తలుపు మూసుకుంది.

కాగితం మీదైతే ఎక్కడ కావాలంటే అక్కడ తలుపు పెట్టగలడు సువార్తరావు. ఇక్కడ ఉన్న తలుపు తీయించలేక కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. భయం వేసింది. భార్యని పరాయి చేతుల్లో పెట్టి బయట నిలబడ్డందుకు సిగ్గు కూడా వేసింది.

చాలాసేపటికి తహెరున్నీసా తల బయటపెట్టింది. "బచ్చా సో గయా, భాయ్," అని ఇంకా ఏదో అంటూనే, లోపల్నుంచి ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

సో గయా. నిద్రించెను.

గోడవారగా కూలబడ్డాడు. పొద్దున తన నోటితోనే అన్నాడు కదా. మోకాలి మీద వేలు దానంతటదే ఆ అక్షరాలు రాయడం మొదలుపెట్టింది. పైన పేరుండాల్సిన చోట ఆగిపోయింది. వాడికింకా పేరు పెట్టలేదు.

"ఇంకా ఈడనే కూసున్నవా?" తహెరున్నీసా మళ్ళీ వచ్చింది. "జ్యూస్ ఏది?"

"ఏం జ్యూసండీ?"

"చెప్పిన గదా భాయ్. బచ్చా నిద్రపోయిండు, సల్లగ తియ్యగ తాపితే లేస్తడని నర్సమ్మ అంటుంది."

"బతికున్నాడాండీ?"

"తౌబా, గదేం మాట. దిల్ కొట్టుకుంటుంది, మిషన్ల నేనే ఇన్న."

సువార్తరావు క్యాంటీనుకి పరిగెత్తాడు. తెచ్చిన డబ్బా కాపలావాడి చెయ్యిమీదుగా ఆవిడకందించి మళ్ళీ బయటే నిలబడ్డాడు.

సుసన్న నడిచి వచ్చింది. "తన్నాడండీ," అంది. ఏ నెలైనా సరే, కదలిక తగ్గితే అమ్మనీ అత్తనీ అడుగుతూ కూర్చోకుండా తిన్నగా ఇక్కడికే రమ్మని నర్సు కోప్పడిందట.

టాక్సీలో తహెరున్నీసా ముందు కూర్చుంది. వాళ్ళుండే అల్ ముంతజా వైపు తిరిగేసరికి సుసన్న అతని భుజం మీద వాలి కళ్ళు మూసింది. పాపం, అలిసిపోయింది. అతను కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత వల్లకాలేదు.

"సుసన్నా."

"ఏంటండీ?"

"ఏం లేదు. వాడేం చేస్తున్నాడు?"

ఆమె అతని చెయ్యి తీసి పొట్టమీద పెట్టుకుంది. "నిద్రపోతున్నాడండీ. తన్నీ తన్నీ ఇప్పుడే పడుకున్నాడు," అని మళ్ళీ కళ్ళు మూసింది.

పొద్దున సుసన్నే వద్దన్న మాట. ఆమెకి దాని భయం పోయింది. అతనికి పట్టుకుంది. రేపు పొద్దున్నే డ్యూటీకి పోవాలి, పగలంతా ఈమె ఒక్కతే ఇంట్లో. ఇల్లు చేరేదాకా చెయ్యి తియ్యకుండా, ఒక్కసారి తన్నరా నాయనా అని లోలోపల బతిమాలుకుంటూనే ఉన్నాడు సువార్తరావు.